చచ్చినవాణ్ణే అడిగితే పోలా? మాయలోకంలో డిటెక్టివ్ కథ గురించి

1. అర్ధరాత్రి_దీపం

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

ఒక నవల మొదలుపెట్టాను. ఫాంటసీ లోకం, అందులో ఒక హత్య. ఆ లోకంలో "పలికించేవాళ్ళు" అని ఉంటారు. మనిషి చనిపోయిన రాత్రి, తెల్లారేలోపు, వాళ్ళు శవం చేత మాట్లాడించగలరు. మూడంటే మూడే ప్రశ్నలు. ఆ తర్వాత శవం మళ్ళీ నోరు విప్పదు. కథలో చనిపోయేది తూనికల అధికారి. లోపల గడియ పెట్టిన గదిలో, గొంతు కోసి చంపేశారు. పరిశోధించేది కచేరీలో వాంగ్మూలాలు రాసుకునే ఒక ముసలి గుమాస్తా. ఆవిడంటే నాకు చాలా ఇష్టం. అందుకే ఈ కథ వదల్లేకపోతున్నాను.

60 పేజీలు రాసి ఒక ఫ్రెండ్‌కి ఇచ్చాను. పన్నెండో పేజీలోనే ఆగిపోయి, "ఇదంతా ఎందుకు, చచ్చినవాణ్ణే అడిగితే పోలా?" అన్నాడు.

అప్పట్నుంచి కథ ముందుకి కదల్లేదు. హంతకుడు శవం నాలుక కోసేశాడని రాసి చూశాను. మళ్ళీ చదువుకుంటే నాకే సిగ్గేసింది. మంత్రాలు పనిచేసే చోట, సైన్స్ ఎంతదూరమైనా వెళ్ళగలిగే చోట, అసలు డిటెక్టివ్ కథ నిలబడుతుందా?

2. పాత_పేజీ

దీపం గారూ, మీ ఫ్రెండ్ అడిగింది కొత్త ప్రశ్నేం కాదు. 'అస్టౌండింగ్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకి ఏళ్ళ తరబడి సంపాదకుడిగా ఉన్న జాన్ కాంప్‌బెల్ ఇదే అనేవాడట. సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ కుదరదు, ఎందుకంటే చిక్కుముడి పడగానే డిటెక్టివ్ జేబులోంచి ఏదో కొత్త యంత్రం తీసి విప్పేస్తాడు, చదివేవాడు మోసపోతాడు అని. ఈ సంగతి సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ స్వయంగా రాసుకున్నాడు.

అసిమోవ్ దానికి నవలతోనే జవాబిచ్చాడు. 'గెలాక్సీ' పత్రిక సంపాదకుడు హొరేస్ గోల్డ్ రోబోల మీద నవల రాయమని, అందులో హత్య పెట్టమని పోరాడు. అలా వచ్చిందే 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'. 1953లో సీరియల్‌గా, 1954లో పుస్తకంగా వచ్చింది. అందులో భూమ్మీది జనం పైకప్పు వేసిన నగరాల్లో బతుకుతుంటారు. ఆరుబయట అడుగు పెట్టాలంటేనే వాళ్ళకి గుండె దడ. నగరం బయట, వేరే గ్రహాలనుంచి వచ్చినవాళ్ళు ఉండే పేటలో హత్య జరుగుతుంది. నగరంలోంచి అక్కడికి వెళ్ళే గేటు దగ్గర ఆయుధాలు తీసేసుకుంటారు. మిగిలిన దారి ఆరుబయటే. ఇక చూడండి: రోబో ఆ దారిన నడిచి రాగలదు, కానీ మనిషికి హాని చెయ్యకూడదన్న సూత్రం దాన్ని చంపనివ్వదు. మనిషి చంపగలడు, కానీ ఆ దారిన నడిచి రాలేడు.

ఇక్కడ గదికి తాళం వేసింది గోడలు కావు. ఒక పక్క రోబో సూత్రం, ఇంకో పక్క మనిషి భయం. ఆ రెండూ మనకి ముందే చెప్పేశాడు. హత్య ఎవరు చేశారో చెప్పను, చదువుకోండి.

దాని తర్వాతిది 'ది నేకెడ్ సన్', 1957. ఒక గ్రహం మీద 20,000 మంది మనుషులు, 20 కోట్ల రోబోలు. మనిషి మనిషికి ఎదురుపడడమే అక్కడ అసహ్యం. అందరూ తెర మీద బొమ్మల్లా పలకరించుకుంటారు. అలాంటి చోట ఒకణ్ణి తల పగలగొట్టి చంపారు. కొట్టాలంటే దగ్గరికి రావాలి కదా? నాకైతే మొదటిదానికన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

3. కేసుకట్ట

పాత_పేజీ గారు సైన్స్ వైపు చెప్పారు, నేను చట్టం వైపు చెబుతా.

1929లో రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథకి పది ఆజ్ఞలు రాశాడు. రెండోది: మానవాతీత శక్తులు వేటినీ రానివ్వకూడదు. నాలుగోది: ఇంతవరకూ ఎవరూ కనిపెట్టని విషాలు వద్దు, చివర్లో పెద్ద సైన్స్ పాఠం చెప్పాల్సి వచ్చే పరికరాలూ వద్దు. ఈ రెండిటితో మనం మాట్లాడుకుంటున్న సాహిత్యమంతా అటకెక్కినట్టే. సరదా ఏంటంటే ఈ నాక్స్ కాథలిక్ ఫాదరీ. మహిమల్ని నమ్మే మనిషే హత్య కథలో మాత్రం మహిమ అడుగుపెట్టకూడదన్నాడు. రహస్య ద్వారాల దగ్గర కాస్త జాలి చూపించాడు, కథకి ఒకటి వాడుకోవచ్చట!

ఆ పదిలో మొదటిదీ ఎనిమిదోదీ చూస్తే ఆయన ఉద్దేశం తెలుస్తుంది. హంతకుడు కథ మొదట్లోనే కనబడాలి. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ దొరకాలి. ఆయన భయమల్లా దయ్యం గురించి కాదు, చివరి పేజీలో ఊడిపడే దయ్యం గురించి. మొదటి పేజీ నుంచి ఇంట్లోనే తిరుగుతున్న దయ్యంతో ఎవరికీ పేచీ లేదు.

కాబట్టి దీపం గారూ, మీ పలికించేవాళ్ళు మొదటి అధ్యాయంలోనే వచ్చేస్తే మీ మీద కేసు లేదు. మీ సమస్య వేరు. మీ మంత్రం మరీ బాగా పనిచేస్తోంది.

4. ఇప్పుడే_చేరా

"మంత్రం మరీ బాగా పనిచేస్తోంది" 😂 ఇది మా ఆఫీసు గోడ మీద రాసిపెట్టాలి.

5. రాగి_రోబో

మంత్రాలున్నా హత్య కథ నడపొచ్చని రుజువు కావాలంటే రాండల్ గారెట్ రాసిన లార్డ్ డార్సీ కథలు పట్టుకోండి. 1964లో మొదలయ్యాయి. ఆ లోకంలో 1199లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్ చావకుండా బతికిపోతాడు, ఆయన వంశమే ఇరవయ్యో శతాబ్దం దాకా ఏలుతుంటుంది. భౌతిక శాస్త్రం బదులు మంత్రశాస్త్రం ఎదుగుతుంది. దానికీ సూత్రాలుంటాయి, చదువుంటుంది, లైసెన్సుంటుంది.

నాకు నచ్చింది పని విభజన. డిటెక్టివ్ డార్సీకి మంత్రం రాదు. ఒక్క ముక్క కూడా రాదు. ఆయన పక్కన మాస్టర్ షాన్ అనే మాంత్రికుడు ఉంటాడు. ఈ గుండు ఈ తుపాకీలోంచే వచ్చిందా, ఈ గుడ్డ ముక్క ఈ చొక్కాదేనా, ఇలాంటివి మంత్రంతో తేలుస్తాడు. అంటే ఆయన ల్యాబ్ అన్నమాట. ల్యాబ్ రిపోర్టు ఎంత పక్కాగా ఉన్నా "కాబట్టి హంతకుడు ఫలానా" అని రాసి ఇవ్వదు కదా. ఆ "కాబట్టి" డార్సీ పని. 'టూ మెనీ మెజీషియన్స్' అని ఒక నవలుంది. మాంత్రికుల సమావేశం జరుగుతున్న హోటల్లో, తాళం వేసిన గదిలో హత్య. హోటల్ నిండా మాంత్రికులే, అందరి మీదా అనుమానమే. రచయిత ధైర్యానికి దండం పెట్టాలి.

మీ పలికించేవాళ్ళని కూడా ల్యాబ్ చేసెయ్యండి. ముక్క ఇస్తారు, బొమ్మ ఇవ్వరు.

6. అర్ధరాత్రి_దీపం

ఇంతమంది జవాబిస్తారని అనుకోలేదు, థాంక్స్.

రాగి_రోబో గారూ, ల్యాబ్ ఆలోచన బాగుంది. కానీ తుపాకీ గుండు మాట్లాడదు, నా శవం మాట్లాడుతుంది. "నిన్ను చంపిందెవరు?" అని అడిగితే పేరే చెప్పేస్తుంది కదా. ముక్క కాదు, బొమ్మే వచ్చేస్తోంది. ప్రశ్నలు మూడు కాదు, ఒక్కటే అని మార్చినా ఆ ఒక్కటీ అదే అడుగుతారు.

7. వెన్నెలపిట్ట

దీపం, చచ్చినవాడు నిజమే చెబుతాడని నీకెవరు చెప్పారు?

అకుతగావా అనే జపాన్ రచయిత 1922లో ఒక చిన్న కథ రాశాడు. కురొసావా 'రషోమన్' సినిమాకి అసలు కథ అదే. అడవిలో ఒక సమురాయ్ చచ్చిపడి ఉంటాడు. దారిదోపిడీ దొంగ, "నేనే చంపాను" అంటాడు. చనిపోయినవాడి భార్య, "నేను చంపాను" అంటుంది. ఆఖరికి ఒక పూనకం మనిషి ద్వారా చచ్చినవాడి ఆత్మని పిలిపిస్తారు. మనం కూడా హమ్మయ్య, ఇప్పుడు తేలిపోతుంది అనుకుంటాం. ఆత్మ వచ్చి, "నన్ను నేనే పొడుచుకున్నాను" అంటుంది!

హత్య చేశానని ముగ్గురు ఒప్పుకున్న కేసు ఇది. చచ్చినవాడి మాట వినగానే సంగతి తేలలేదు సరికదా, ఇంకాస్త ముడిపడింది. మనిషి చనిపోతే పరువు, పంతం, కోపం అక్కడే రాలిపోతాయా ఏంటి? మీ తూనికల అధికారికి కాపాడుకోవాల్సిన మనిషి ఒకరుంటే? దాచుకోవాల్సిన లంచం ఒకటుంటే?

8. సందేహం

వెన్నెలపిట్ట గారి ఉదాహరణ గొప్పదే కానీ ఇక్కడ పనికిరాదు. క్షమించాలి, పుల్ల విరిచినట్టు మాట్లాడటం నా అలవాటు.

అకుతగావా కథ నిజం తేలకపోవడం గురించే. డిటెక్టివ్ నవల నిజం తేల్చడం గురించి. శవాలు అబద్ధమాడొచ్చు అన్నారంటే దీపం గారు సొంత మంత్రాన్ని సొంత చేత్తో కొట్టేసినట్టే. అప్పుడు పలికించేవాళ్ళెందుకు, కచేరీ వాళ్ళని పెట్టుకోవడమెందుకు? చదివేవాడు, "ఓహో, ఇరుక్కుపోయి మినహాయింపు కనిపెట్టాడు" అనుకుంటాడు. కాంప్‌బెల్ చెప్పిన జేబులోంచి తీసే యంత్రం ఇదే, కాకపోతే తిరగేసి.

నేనైతే దీనికి ఎదురు నడుస్తాను. శవం అబద్ధమాడదు. ఎప్పటికీ ఆడలేదు. ఆ సూత్రాన్ని ఇనుములా ఉంచండి. కానీ శవానికి తెలిసింది ఎంత? బతికున్నప్పుడు ఆ మనిషికి తెలిసినంతే. విషం తాగినవాడికి గ్లాసులో కలిపిందెవరో తెలియదు. నిద్రలో పోయినవాడికి తను పోయిన సంగతే తెలియదు. వెనకనుంచి గొంతు కోస్తే కనబడేది ఎదురుగా ఉన్న గోడ.

ఇంకో మాట. ఆ లోకంలో శవాలు మాట్లాడతాయని హంతకుడికీ తెలుసు కదా! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండడా? అక్కడ హత్య చేసే ప్రతివాడూ ముందు ఆలోచించేది "వీడు రేపు నా గురించి ఏం చెబుతాడు" అనే. అలాంటి చోట ఎవడూ ఎదురుగా నిలబడి పొడవడు.

9. పాత_పేజీ

"కనబడేది ఎదురుగా ఉన్న గోడ" అనగానే గుర్తొచ్చింది. ఇది కథ కాదు, నిజంగా జరిగిందే.

1876లో ఫ్రాంజ్ బోల్ అనే ఆయన కంటి వెనక పొరలో వెలుగు తగిలితే రంగు మారే పదార్థం ఉందని గమనించాడు. వెంటనే విల్‌హెల్మ్ క్యూనె అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఒక కుందేలుని చువ్వల కిటికీ వైపు చూసేలా పెట్టి, చంపి, కంటి పొరని పటిక నీళ్ళలో వేసి చూస్తే అందులో కిటికీ ఆకారం, చువ్వలతో సహా కనబడిందట. ఇక జనం ఊరుకుంటారా! చచ్చినవాడి కంట్లో హంతకుడి బొమ్మ దొరుకుతుందనుకున్నారు. జూల్ వెర్న్ 1902లో వచ్చిన ఒక నవల్లో దీన్నే వాడుకున్నాడు.

పోలీసులకి మాత్రం ఇది అక్కరకు రాలేదు. కుందేలుని కదలకుండా పట్టుకుని కిటికీ వైపు తిప్పినట్టు హతుణ్ణి ఎవరు తిప్పుతారు? ఒకవేళ బొమ్మ పడినా చివరగా చూసిన మనిషీ చంపిన మనిషీ ఒకరే కానక్కర్లేదు. కాపాడటానికి పరిగెత్తుకొచ్చినవాడి మొహమే పడొచ్చు. దీపం గారూ, ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఉంది.

10. రాగి_రోబో

సందేహం గారి సూత్రం మీద నిలబెట్టిన నవల ఇప్పటికే ఉంది. రిచర్డ్ మోర్గన్ 'ఆల్టర్డ్ కార్బన్', 2002. మనిషి బుర్రలోని సంగతులన్నీ మెడ దగ్గర ఒక చిన్న పరికరంలో ఉంటాయి, ఒళ్ళు పోతే ఇంకో ఒళ్ళు తొడుక్కోవచ్చు. ఒక మహా ధనవంతుడు తల పేలిపోయి చస్తాడు. 48 గంటలకోసారి తన జ్ఞాపకాలు వేరేచోట దాచుకుంటాడు కాబట్టి కొత్త ఒంట్లో లేచి కూర్చుంటాడు. కానీ ఆఖరి కాపీ తర్వాతి గంటలు మాత్రం పోయాయి. పోలీసులు ఆత్మహత్య అంటారు, ఈయన కాదంటాడు. డిటెక్టివ్‌ని పెట్టుకుంటాడు.

అంటే శవాన్ని అడగడం కాదు, శవమే వచ్చి "నన్నెవరు చంపారండీ" అని మనల్ని అడుగుతోంది!

11. వెన్నెలపిట్ట

సందేహం గారు నా పుల్ల విరిచారు. ఒప్పుకుంటున్నా, ఈ కథకి మీ సూత్రమే నయం.

ఒళ్ళు మారడం అనగానే నాకు బేతాళుడు గుర్తొచ్చాడు. భర్త, అన్న ఇద్దరూ గుళ్ళో తలలు నరుక్కుంటారు, దేవి వరమిస్తుంది, ఆ అమ్మాయి కంగారులో ఒకరి తల ఇంకొకరి మొండానికి అతికిస్తుంది. ఇప్పుడు భర్త ఎవరు? తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి ముక్కలు. విక్రమార్కుడు తల ఎవరిదైతే వాడే భర్త అంటాడు, అన్ని అవయవాల్లో తలే ముఖ్యం కనక. మెడలో పరికరం ఉన్న ఒళ్ళు మార్చుకునే ధనవంతుడి దగ్గర కూడా చట్టం అడిగేది ఇదే ప్రశ్న.

చిన్నప్పుడు గమనించలేదు కానీ, బేతాళుడు ఎంత నిజాయితీగా ఆడతాడో చూడండి. శవంలో ఉన్నది తనే, మాయలన్నీ తనవే. అయినా ప్రశ్న అడిగేటప్పటికి కథలో ఉన్నదంతా రాజు ముందు పరిచేస్తాడు. కొత్త మహిమ ఏదీ దాచుకోడు. నాక్స్ ఆయన్ని చూసి ఉంటే రెండో ఆజ్ఞ కొట్టేసేవాడేమో.

మర్ లాఫర్టీ 'సిక్స్ వేక్స్' (2017) కూడా చూడండి. అంతరిక్ష నౌకలో ఆరుగురు కొత్త ఒళ్ళలో నిద్రలేస్తారు, ఎదురుగా వాళ్ళ పాత ఒళ్ళే శవాలు. 25 ఏళ్ళ జ్ఞాపకాలు మాయం. హంతకుడు ఆ ఆరుగురిలోనే ఉన్నా, అది తనేనని తనకే తెలియదు.

12. ఇప్పుడే_చేరా

పాత_పేజీ గారు చెప్పిన స్టీల్ నవల నిన్న రాత్రి ఏకబిగిన చదివేశా!! హంతకుడు [తొలగించబడింది] అని అస్సలు ఊహించలేదు, ఆ [తొలగించబడింది] చూసినప్పుడే పట్టుకోవాల్సింది

13. కాపలా (మోడరేటర్)

పై పోస్టులో రెండు చోట్ల కత్తెర వేశాను. 1954 నాటి పుస్తకమే కావచ్చు, రేపు మొదలుపెట్టేవాడికి అది రేపటి పుస్తకం. ఇప్పుడే_చేరా గారూ, ఉత్సాహం అర్థమైంది, నియమాల పేజీ ఒకసారి చూడండి.

14. కేసుకట్ట

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. తెలియడం వేరు, రుజువు కావడం వేరు.

ఆల్‌ఫ్రెడ్ బెస్టర్ 'ది డిమాలిష్డ్ మ్యాన్' 1953లో, సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు మొట్టమొదట అందుకున్న నవల. అందులో పోలీసులు మనసులోకి చూడగలరు. దానివల్ల చాలా ఏళ్ళుగా అనుకుని చేసిన హత్యంటూ ఒక్కటీ సాగలేదు. ఒక కోటీశ్వరుడు చేసి తీరుతానంటాడు. ఎలా అనుకుంటున్నారు? ఒక పాట రాసే ఆవిడ దగ్గరికెళ్ళి, ఒకసారి వింటే బుర్రలోంచి వదలని పిచ్చి పాట ఏదైనా ఉందా అని అడుగుతాడు. ఆ పాట తలలో గింగిరాలు తిరుగుతుంటే లోపలికి చూసేవాడికి ఆ పాటే వినబడుతుంది, హత్య కనబడదు. ఎంత మామూలు ఉపాయమో చూడండి! కొత్త యంత్రం లేదు, మంత్రం లేదు. మనందరికీ జరిగేదే.

ఇక పరిశోధించే ఆయనకి హంతకుడెవరో తొందరగానే తెలిసిపోతుంది. కానీ మనసులో చూసింది కోర్టులో సాక్ష్యం కాదు. ఉద్దేశం, పద్ధతి, అవకాశం, మూడూ రుజువులతో ఒక కంప్యూటర్ ముందు పెట్టాలి. అది ఒప్పుకుంటేనే కేసు.

దీపం గారి గుమాస్తా పని వాంగ్మూలాలు రాసుకోవడం అన్నారు. శవం చెప్పిన మాటకి ఆ కచేరీలో ఎంత విలువ? ఒక్క శవం మాట మీద శిక్ష వేస్తారా, బతికున్న సాక్షి ఇంకొకరు కావాలా? మంత్రం ఉన్న లోకంలో మంత్రం గురించి చట్టం కూడా ఉండి తీరాలి. రచయితలు ఇది మర్చిపోతారు. మాంత్రికుడి గడ్డం మీద రెండు పేజీలు రాస్తారు, వకీలు గురించి ఒక్క వాక్యం రాయరు.

15. రాగి_రోబో

చట్టంతో పాటు అలవాట్లు కూడా. లారీ నివెన్ 1970ల కథల్లో ఒక బూత్‌లోకి ఎక్కి బటన్ నొక్కితే క్షణంలో ఇంకో ఊళ్ళో దిగొచ్చు. అక్కడ "నేను ఆ టైంలో వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్నాను" అంటే ఏం లాభం? ఒక్క యంత్రం వచ్చేసరికి డిటెక్టివ్ కథలో సగం ఎత్తులు పోయాయి. ఆయన ఏడవకుండా దాని మీదే కథలు అల్లాడు.

16. అర్ధరాత్రి_దీపం

తల తిరుగుతోంది, మంచి రకంగా. సందేహం గారి సూత్రం తీసుకున్నాను: శవం అబద్ధమాడదు, తనకి తెలిసిందే చెబుతుంది. మొదటి పేజీ ఇలా రాశాను:

"పలికించేవాళ్ళకి మూడు నియమాలుండేవి. మొదటిది, చనిపోయిన రాత్రి తెల్లవారేలోపే పలికించాలి. రెండవది, మూడు ప్రశ్నలకు మించి అడగరాదు. మూడవది, మృతులు అసత్యం పలకరు, అయితే తమకు తెలిసినదే చెప్పగలరు. ఈ నియమాలు వెయ్యేళ్ళుగా అమలులో ఉన్నాయి."

అన్నీ ముందే చెప్పేశాను. న్యాయంగా ఆడినట్టే కదా?

17. వెన్నెలపిట్ట

న్యాయంగానే ఉంది. ఫ్రిజ్ కొంటే ఇచ్చే పుస్తకంలా కూడా ఉంది 🙂

నియమం చెబితే పాఠకుడు తలాడించి మర్చిపోతాడు. అదే నియమం వల్ల ఎవరైనా ఇబ్బంది పడటం చూస్తే గుర్తుంచుకుంటాడు. హత్యకి ముందు, హత్యతో సంబంధం లేని చిన్న సంగతి ఒకటి పెట్టు. చెయ్యి ఊరుకోక రాశాను, నచ్చితే వాడుకో:

*ముసలమ్మ పోయి మూడు గంటలైంది. పలికించేవాడికి డబ్బిచ్చింది పెద్ద కోడలు.*

*"పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టారో అడగండి."*

*పలికించేవాడు శవం చెవి దగ్గర వంగాడు. కాసేపటికి ముసలమ్మ పెదాలు కదిలాయి. "అటక మీద. ఇత్తడి చెంబులో."*

*కొడుకులిద్దరూ నిచ్చెన కోసం పరిగెత్తారు. చెంబు దొరికింది. బోర్లిస్తే దుమ్ము రాలింది.*

*"చచ్చి కూడా అబద్ధమాడింది," అంది కోడలు.*

*మూల కూచుని రాసుకుంటున్న గుమాస్తా తల ఎత్తలేదు. "అబద్ధం కాదమ్మా. ఆవిడ పెట్టింది అక్కడే. తర్వాత ఎవరు తీశారన్నది ఆవిడకి తెలియదు." కలం సిరాలో ముంచి, గదిలో ఉన్నవాళ్ళ చేతుల వైపు ఒకసారి చూసింది. చిన్న కొడుకు గోళ్ళలో అటక మీది దుమ్ము ఉంది. కానీ నిచ్చెన ఎక్కింది పెద్దవాడు.*

18. పాత_పేజీ

అక్కా, ఆఖరి రెండు వాక్యాలకి నమస్కారం.

19. సందేహం

బాగుంది. నేను ఈ మాట తరచుగా అనను.

ఇప్పుడు అసలు కేసుకి వద్దాం. శవానికి ఏమీ తెలియదు అనడం తేలిక దారి. "వెనకనుంచి వచ్చారు, చూడలేదు" అంటే పలికించడమే దండగ, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. నాకైతే శవం పేరు చెప్పాలి. ధీమాగా, తడబడకుండా చెప్పాలి. ఆ పేరు తప్పు కావాలి. అబద్ధం మాత్రం కాకూడదు.

హతుడు నిజంగా నమ్మి చచ్చిన తప్పు పేరు అది. అలా నమ్మించడమే హంతకుడి పథకం. హత్య ఒక వంతు, సాక్షిని తయారు చేయడం మూడు వంతులు. వెయ్యేళ్ళుగా శవాలు అబద్ధమాడలేదు కాబట్టి కచేరీ ఆ పేరున్నవాణ్ణి మర్నాడే పట్టుకుపోతుంది. మీ మంత్రం బలమే హంతకుడికి ఆయుధం. మీ ఫ్రెండ్ "చచ్చినవాణ్ణే అడిగితే పోలా" అంటాడు కదా. అడగండి. పన్నెండో పేజీలోనే అడిగేయండి.

20. కేసుకట్ట

అద్భుతం. ఒక్క హెచ్చరిక: హంతకుడు మంత్రంతో వేరేవాడి రూపం వేసుకున్నాడని మాత్రం రాయకండి. రూపం మార్చే మంత్రం ఉంటే నవల్లో ఏ మనిషినీ నమ్మలేం, అప్పుడు ఆధారాలకి విలువే లేదు. బెస్టర్ పాటలాగా మామూలుది ఏదైనా చూడండి.

21. అర్ధరాత్రి_దీపం

రెండు రోజులు మాట్లాడలేదు, రాస్తున్నాను. ఇదీ సంగతి:

తూనికల అధికారికి ఒక తమ్ముడు. చిన్నప్పుడు కాలు విరిగి, కర్ర పట్టుకుని కుంటుతూ నడుస్తాడు. రెండు అడుగులు, ఒక కర్ర చప్పుడు. ఆ ఇంట్లో 40 ఏళ్ళుగా అందరూ ఆ చప్పుడుతోనే వచ్చింది అతనని పోల్చుకుంటారు, ఎవరూ తల తిప్పి చూడరు. హత్య రాత్రి దీపం ఆరిపోయింది. చప్పుడు వినబడింది. అన్న, "ఏరా, ఇంకా పడుకోలేదా" అన్నాడు కూడా. వెనకనుంచి కత్తి.

పలికించేవాడి మొదటి ప్రశ్న: "నీ గదికి వచ్చిందెవరు?" జవాబు: "నా తమ్ముడు." రెండో ప్రశ్న: "నిన్ను చంపిందెవరు?" జవాబు: "నా తమ్ముడు." కచేరీలో అందరూ లేచిపోయారు. అయిపోయింది కదా!

గుమాస్తా మాత్రం లేవలేదు. ఆవిడ 30 ఏళ్ళుగా సాక్షుల మాటలు రాస్తోంది. "వచ్చాడు" అని సాక్షి చెబితే పక్కన చిన్న అక్షరాల్లో "చూశాడా, విన్నాడా?" అని రాసుకోవడం ఆవిడ అలవాటు. మూడో ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. తూర్పు తెల్లబడుతోంది. ఆవిడకి ప్రశ్న అడిగే అధికారం లేదు, గుమాస్తా కదా. పలికించేవాడు సంచి సర్దుకుంటున్నాడు.

ఇదంతా పన్నెండో పేజీకల్లా వచ్చేసింది. కర్ర చప్పుడు మాత్రం మూడో పేజీలోనే పెట్టాను. తమ్ముడు వస్తుంటే వంటావిడ వెనక్కి తిరక్కుండానే పలకరిస్తుంది. అది చాలా?

22. వెన్నెలపిట్ట

చాలు. మూడో పేజీలో ఉన్నదాన్ని ఎవరూ పట్టుకోరు, పట్టుకోలేదని తర్వాత బాధపడతారు. గుమాస్తా పేరేంటో చెప్పనే లేదు.

23. ఇప్పుడే_చేరా

ఆవిడ అడుగుతుందా లేదా?? తెల్లారిపోతోంది బాబోయ్, టెన్షన్

24. సందేహం

అంతా బాగానే ఉంది దీపం గారూ. మొదటి పోస్టులో గది లోపల గడియ పెట్టి ఉందన్నారు. కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చినవాడు గొంతు కోసి బయటికి ఎలా వెళ్ళాడు?

25. అర్ధరాత్రి_దీపం

అయ్యో.